మంచు ఫ్లెక్సీ మీద కోత

దెయ్యాలు, శకునాలు, కలలో కనిపించి మాట్లాడే పెద్దలు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. నా పని కూడా అందుకు ఒక కారణం. కోదాడలో నాకు ఫోటో స్టూడియో ఉంది, దాన్ని ఆనుకునే ఫ్లెక్సీ ప్రింటింగ్. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడమే మా బతుకుదెరువు. కోదాడ పొలిమేర దాటి ఎరగని పెళ్లికొడుకుని తీసుకెళ్లి స్విట్జర్లాండ్‌లో నిలబెడతాను. ఆధార్ కార్డు మీది ఫోటో తప్ప ఇంకో ఫోటో లేకుండా పోయిన ముసలాయనకు కోటు తొడిగి, మూసుకున్న కళ్లు తెరిపించి, పెదవుల మీద కాస్త నవ్వు కూడా పెడతాను. మనవలు చూసి అచ్చం తాతే అని ఏడుస్తారు. ఇలాంటి పని చేసేవాడికి నిజంగా దెయ్యం కనిపించినా, ఎడిటింగ్ ఎవరు చేశారని ముందు అడుగుతాడు.

ఒకసారి ఒకావిడ పెళ్లి ఫోటో పట్టుకొచ్చింది. అత్తగారి భుజం వెనక తెల్లగా ఏదో ఉందని, అది చనిపోయిన మామగారేనని, పెద్దది చేసి ఫ్రేము కట్టమని అడిగింది. అది మా వీడియో లైటు వెనక అద్దం మీద పడిన వెలుగు. ఆ మాటే చెప్పాను. ఆవిడకు కోపం వచ్చి పక్క షాపులో కట్టించుకుంది. పక్కవాడు మారు మాట్లాడకుండా కట్టి ఇచ్చాడు.

కింద రాయబోయేది ఇంకెవరైనా చెప్పి ఉంటే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. నా కళ్లెదుట జరిగింది కాబట్టి నవ్వు రావడం లేదు. తెలిసినంత వరకు ఉన్నది ఉన్నట్టు రాస్తాను, తెలియని చోట తెలియదని రాస్తాను.

ముందు ఆ మంచు బొమ్మ సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కింద హైదరాబాదులో కొన్న బ్యాక్‌గ్రౌండ్ల డీవీడీలో వచ్చింది అది. ఆ డీవీడీని ఒకరి దగ్గర ఒకరం కాపీ చేసుకున్నాం కాబట్టి సూర్యాపేటలో చూసినా, మిర్యాలగూడలో చూసినా ప్రతి స్టూడియోలో అదే ఉంటుంది. ఎవరు తీశారో, ఏ దేశమో ఎవరికీ తెలియదు. కనుచూపు మేర మంచు. ఎడమవైపున ఒకే ఒక్క చెట్టు, సగం దాకా మంచులో కూరుకుపోయి ఉంటుంది. మనిషి లేడు, ఇల్లు లేదు, దారి అన్నదే లేదు. ఖాళీ స్థలం ఎక్కువ కాబట్టి పేర్లు వేసుకోవడానికి వీలుగా ఉంటుందని మాకు అదంటే ఇష్టం. పెళ్లి ఆల్బమ్‌లో వేస్తే విదేశం అవుతుంది. చనిపోయినవాళ్ల ఫోటో వెనక వేస్తే కైలాసం అవుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు దాన్ని ఆ పేరుతోనే అడుగుతారు, "గా కైలాసం పెట్టన్నా, తెల్లగ మంచిగుంటది" అని.

మా చెల్లెలు రేణుకను మిర్యాలగూడలో ఇచ్చాం. దాని భర్త సైదులుకు సొంత లారీ ఉంది. ఓనరూ తనే, డ్రైవరూ తనే. మిల్లుల దగ్గర బియ్యం ఎత్తుకుని ఎంత దూరమైనా పోతాడు. మంచివాడు, కానీ మొండిఘటం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ చలికాలం అతనికి జమ్మూకు లోడు తగిలింది. అది దించి కాశ్మీర్ లోపలికి పోయి ఆపిల్ ఎత్తుకుని వస్తానన్నాడు. ఈ కాలంలో అటు పోవద్దని నేను ఫోన్ చేసి మరీ చెప్పాను.

"ఖాళీ బండేసుకొని ఎట్లొస్త బావ, నవ్వుతరు" అన్నాడు.

జమ్మూలో క్లీనరుకు జ్వరం తగిలింది. అతన్ని రైలెక్కించి పంపి, సైదులు ఒక్కడే పైకి వెళ్లాడు. ఆపిల్ పెట్టెలు ఎత్తుకుని కిందికి దిగుతుండగా మంచు మొదలైంది. ఆఖరి ఫోన్ రేణుకకు చేశాడు. రోడ్డు బంద్ అయిందని, బండ్లన్నీ ఆపేశారని చెప్పి, "ఫోన్ల చార్జింగు ఖతమైతున్నది, బుగులు వెట్టుకోకు" అన్నాడు. ఆ తర్వాత స్విచ్చాఫ్.

మొదట్లో మేమెవరమూ భయపడలేదు. దారి తెరిస్తే వస్తాడు, అంతే కదా అనుకున్నాం. ఆ తర్వాత అటు వైపు చిక్కుకున్న డ్రైవర్లు ఒక్కొక్కరే ఫోన్లో దొరకడం మొదలైంది. మన బండ్లు కొన్ని కిందికి దిగాయని, సైదులు బండి మాత్రం స్టార్ట్ కాలేదని, డీజిల్ గడ్డకట్టిందని ఒకరు చెప్పారు. బండి వదిలి మాతో రమ్మంటే రాలేదని ఇంకొకరు చెప్పారు. వాళ్లు దిగిన తర్వాత వెనక కొండ చరియ విరిగి మంచు రోడ్డు మీద పడిందట. అంటే అతను ఆ మంచులో ఒంటరిగా ఉన్నాడు. ఉన్నాడో లేడో కూడా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

నేను కనిపించిన నంబరుకల్లా ఫోన్ చేశాను. నా హిందీ హైదరాబాదు హిందీ, వాళ్లది వేరే. ఒకాయన ఓపిగ్గా విని బండి నంబరు రాసుకున్నాడు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఏ పని చేస్తున్నా చెవి ఫోన్ దగ్గరే ఉండేది.

మిర్యాలగూడ ఇంట్లో వచ్చిపోయేవాళ్ల ఓదార్పులు పడలేక రేణుక కూతుర్ని అత్త దగ్గర ఉంచి కోదాడ వచ్చేసింది. మా ఇంట్లోనూ కూర్చోలేకపోయింది. ఫోన్లు నాకే వస్తాయి కాబట్టి పొద్దున్నే నాతో పాటు షాపుకు వచ్చి సాయంత్రం దాకా ఉండేది. ఒక రోజు నేను ఎవరిదో ఫోటోకు ఆ మంచు బొమ్మ వేస్తుంటే వెనక నిలబడి చూసింది. పని అయిపోయి మూసేయబోతే చెయ్యి పట్టుకుంది.

"తీయకన్నా. గా మంచు బొమ్మ గట్లనే ఉండనియ్యి."

పక్కనున్న రెండో స్క్రీన్ మీద పెట్టి ఇచ్చాను. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి అదే తన చోటు. భర్త అక్కడే ఉన్నాడన్నట్టు చూస్తుండేది. అది కాశ్మీర్ కాదనీ, ఏ దేశమో ఏమో అనీ చెప్పాలనుకున్నాను. చెప్పి ఏం సాధిస్తానని ఊరుకున్నాను.

"అన్నా, ఈ చెట్టు సచ్చిందా, బతికే ఉందా?" అని ఒకసారి అడిగింది.

"బొమ్మలో చెట్టుకు చావేందే, బతుకేంది" అన్నాను విసుగ్గా.

"గంత మంచుల ఒక్కటే ఎట్ల నిలవడ్డదో" అని, తనే జవాబు చెప్పుకుంది. "ఎండలొచ్చే దాక ఓర్చుకోవాలె. ఇంకేమున్నది."

ఫోన్ వచ్చినట్టు నటించి బయటికి వెళ్లిపోయాను.

ఇంకొక సంగతి. అప్పుడు మేం పట్టించుకోలేదు. కోదాడలో చలికాలమైనా మధ్యాహ్నం పూట ఫ్యాన్ కావాలి. ప్రింటింగ్ గదిలో అయితే మిషను వేడికి మా ఆపరేటర్ మస్తాన్ బనీను మీదే పని చేస్తాడు. మస్తాన్ నలభై దాటిన మనిషి, నా దగ్గర మొదట్నుంచీ ఉన్నాడు. రేణుక మాత్రం నా స్వెట్టర్ తొడుక్కుని, పైన కొంగు కప్పుకుని, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేది. తిండి లేక నీరసించి చలి పుడుతోందని నేను అనుకున్నాను. ఇప్పటికీ అదే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకుంటాను.

ఇక ఆ రోజు మధ్యాహ్నం.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక షాపులో మిషను చెడిపోతే ఆర్డర్లు పోగొట్టుకోకుండా పక్క ఊరి షాపుకు ఫైళ్లు పంపుతారు. వాళ్లు ప్రింటు తీసి చుట్టచుట్టి బస్సుకు వేస్తారు. ఆ రోజు సూర్యాపేటలో నాకు తెలిసిన షాపువాళ్ల మిషను ఆగిపోయింది. ఫైళ్లు నాలుగైదు కలిపి పంపారు. ఫైలు మీద సైజు తప్ప పేరు ఉండదు. మేం కూడా సైజు చూస్తాం తప్ప ఫ్లెక్సీలో ఉన్న మనిషిని చూడం. పుట్టినరోజులు, షాపు ఓపెనింగులు, శ్రద్ధాంజలులు అన్నీ ఒకే చుట్టలో వస్తుంటాయి. మస్తాన్ వాటిని వరసలో పెట్టి మిషను వదిలాడు.

ముందు గదిలో నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీ అబ్బాయికి పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాను. ఆ మహానుభావుడు తల దువ్వుకోవడానికే సగం పూట తీసుకున్నాడు. రేణుక ఎప్పుడు లేచి ప్రింటింగ్ గదిలోకి వెళ్లిందో నేను చూడలేదు. వెనకనుంచి మస్తాన్ అరుపు వినిపించింది.

"అన్నా, జల్ది రా! రేణుకమ్మను చూడు!"

పరుగెత్తాను. మిషను నడుస్తూనే ఉంది. రోలు వెడల్పు చాలక ఆ ఫైలును అడ్డంగా తిప్పి పెట్టాడు మస్తాన్. అందుకని బొమ్మ ఎడమ అంచు నుంచి మొదలై కొంచెం కొంచెంగా బయటికి వస్తూ, మిషను ముందు చీర ఆరేసినట్టు వేలాడుతోంది. తెల్లటి మంచు. ఒక్క చెట్టు. రేణుక దాని ముందు నిలబడి, అంచులు కోసే కట్టర్ చేతిలో పట్టుకుని, చెట్టు పక్కన ఉన్న ఉత్త మంచును పై నుంచి కిందికి కోస్తోంది. ఏడవడం లేదు, ఊగిపోవడం లేదు. సంచీ కుట్టు విప్పే మనిషిలా జాగ్రత్తగా, నిదానంగా కోస్తోంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నా కంటికి కనిపించింది పాడవుతున్న పరాయి షాపు ఫ్లెక్సీ.

"ఏం పనే ఇది?" అని గద్దించాను.

నా వైపు చూడలేదు. "గాలాడ్తలేదన్నా. జర తెరువనియ్యి" అంది.

మణికట్టు పట్టుకుని గట్టిగా పక్కకు గుంజాను. కట్టర్ ఓ పక్కకు గీసుకుంటూ పోయి కింద పడింది. ఆమె చెయ్యి ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అర ముట్టుకున్నట్టుంది. ఆ ఉక్క గదిలో, నా ఒంటి మీద చెమట కారుతుండగా. భయానికి అలా అయిందనుకున్నాను.

అప్పుడు మిషను వైపు చూశాను. మంచు అయిపోయి ఒక మనిషి జుట్టు వచ్చింది. ఆ తర్వాత చెవి. మిషను అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా చెంప, కన్ను. సైదులు. లైసెన్సు కోసం నా స్టూడియోలో నేనే తీసిన ఫోటో. మస్తాన్ మిషను ఆపేసరికి సగం మొహం వచ్చి ఆగింది. కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పైన పెద్ద అక్షరాలతో కన్నీటి శ్రద్ధాంజలి అని ఉంది.

సూర్యాపేట షాపుకు ఫోన్ చేసి నోటికి వచ్చినట్టు తిట్టాను. పాపం వాళ్లకేమీ తెలియదు. లారీ డ్రైవర్లు నలుగురు వచ్చి ఆర్డరు ఇచ్చారట. అటు మంచు కింద మన జిల్లా బండి ఒకటి దొరికిందని, డ్రైవరు పోయాడని వాళ్లకు కబురు అందిందట. తోటివాడికి అడ్డా దగ్గర ఫ్లెక్సీ కట్టకపోతే ఎట్లా అని, ప్రేమతోనే, ఇంటివాళ్లను ఒక్క మాట అడగకుండా కట్టించబోయారు. మంచులో పోయాడు కాబట్టి మంచు బొమ్మ వేయమన్నారట. ఇది మా వైపు అందరూ చేసే పొరపాటే. మనిషి పోయాడన్న మాట నిజమో కాదో తేలకముందే ఫ్లెక్సీ లేచి నిలబడుతుంది.

భర్త ముఖం గుర్తుపట్టి, తట్టుకోలేక రేణుక కోసిందని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మస్తాన్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆమె కట్టర్ తీసుకున్నప్పుడు మంచూ చెట్టూ తప్ప ఇంకేమీ బయటికి రాలేదట.

కబురు మిర్యాలగూడ చేరింది. సైదులు తల్లి నేల మీద పడి ఏడుస్తోందని ఫోన్లు. బంధువులు కోదాడకు బయలుదేరారు. శవం ఎప్పుడొస్తుంది, ఎవరు పోవాలి, అక్కడి పోలీసులతో ఎవరు మాట్లాడాలి అని నన్నే అడుగుతున్నారు. నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరుగుతున్నాను. రేణుకతో ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఫ్లెక్సీ చూసింది కదా.

ఆమె మాత్రం ఆ సాయంత్రం ఇంటికి రాగానే స్వెట్టర్ విప్పేసింది. ఆకలవుతోందని నా భార్యను అడిగి అన్నం పెట్టించుకుంది. పప్పుచారు రెండోసారి వడ్డించుకుంది. తర్వాత పడుకుంది. అన్ని రోజులుగా కునుకు లేని మనిషి, చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే, గాఢంగా నిద్రపోయింది. మా మేనత్త నన్ను పక్కకు పిలిచి, "పిల్లకు మతి తప్పినట్టున్నది, దవాఖానకు తోల్కపోరాదుర" అంది. నాకూ అదే భయం పట్టుకుంది. సైదులు ఎలాగూ పోయాడు, ఇక చెల్లెలు కూడా దక్కదా అనుకున్నాను. తెల్లారాక అందరూ కలిసి బొట్టు గురించి మాట్లాడబోతే వాళ్ల ముఖాన్నే చెప్పింది.

"ఆయన నోటితోని చెప్పే దాక నా బొట్టు జోలికి రాకున్రి."



మరునాడు తెలియని నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. "బావ, నేనే" అన్నాడు. సైదులు గొంతు. ఫోన్ రేణుకకు ఇచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "తిన్నవా? కాళ్లెట్లున్నయి?" అని మాత్రం అడిగింది. అప్పుడు ఏడ్చింది. మంచు కింద దొరికిన బండి ఇంకెవరిదో. ఆ డ్రైవరు ఎవరో, అతని ఇంట్లోవాళ్లు ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

సైదులు తిరిగి వచ్చాక జరిగింది చెప్పాడు. కూర్చోబెట్టి చెప్పించుకున్నాం అనడం నిజం, తనంతట తాను చెప్పే మనిషి కాదు.

బండ్లన్నీ పోయాక అక్కడ చప్పుడన్నది లేకుండా పోయిందట. పగలంతా తెలుపు, చీకటి పడితే నలుపు. మంచు అద్దాల మట్టానికి వచ్చింది. దిగి నడిచిపోదామంటే దారి ఎటో తెలియదు. మంచు కరిగించి నీళ్లు తాగాడు. వెనక ఆపిల్ పెట్టెలు నిండుగా ఉన్నా, వ్యాపారి సరుకు ముట్టుకోకూడదని మొదట పస్తులున్నాడు. ఆకలికి తట్టుకోలేక ఒక పెట్టె తెరిచాడు. రాళ్లలా గడ్డకట్టిన పండ్లను చంకలో పెట్టుకుని మెత్తబరిచి తిన్నాడు. నిద్ర వస్తే బిడ్డ పేరు, ఊళ్ల పేర్లు, మిల్లుల పేర్లు వరసగా పైకి చదువుకునేవాడట. "ఒక్కన్నే మాట్లాడుకుంట కూసున్న బావ, పిచ్చోని లెక్క" అన్నాడు.

కొండ మీదినుంచి రాయి పడి ఎడమ వైపు డోరు అద్దం పగిలింది. చలి లోపలికి రాకుండా ఒక ఫ్లెక్సీ ముక్క అడ్డం పెట్టి, చుట్టూ టేపు వేశాడు. ఎప్పుడో మా షాపులో పాడైన ప్రింటు, కింద పరుచుకోవడానికి తీసుకెళ్లింది. ఏదో చీరల షాపుది. గాలి దూరే సందు లేకుండా బిగించాడు.

ఒక మధ్యాహ్నం చేతులు కొయ్యబారిపోతుంటే క్యాబిన్లో వంట స్టవ్ వెలిగించాడు. మూసిన క్యాబిన్లో స్టవ్ పెట్టుకుని పడుకుంటే నిద్రలోనే ప్రాణం పోతుందని ప్రతి డ్రైవరుకూ తెలుసు. సైదులుకూ తెలుసు. చేతులు వెచ్చబడగానే ఆర్పేద్దామనుకున్నాడు. అలాగే ఒరిగిపోయాడు. తల దిమ్మెక్కింది, ఒళ్లు హాయిగా ఉంది, లేవాలనిపించలేదు, ఎవరి పేరూ గుర్తు రాలేదు అని చెప్పాడు. అంతలో కత్తిలాంటి చలిగాలి మొహానికి కొట్టింది. దగ్గుతూ లేచి, వాంతి చేసుకుని, స్టవ్ ఆర్పాడు. చూస్తే డోరుకు కట్టిన ఫ్లెక్సీ తెరుచుకుని ఉంది.

"ఇంకొంచెం సేపైతే పోయేటోన్నే" అన్నాడు. గాలికి చిరిగిందని అతని నమ్మకం. దారి తవ్వే మిషన్ల చప్పుడు వినిపించింది ఆ మరునాడే. అతనూ నేనూ వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాం. రోజు మాత్రం అదే, రేణుక ఫ్లెక్సీ కోసిన రోజే. వేళ సరిగ్గా అదేనా అంటే చెప్పలేను, అతని దగ్గర గడియారం లేదు, ఫోన్ పనిచేయడం లేదు.

గాలికి చిరిగింది అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. పదిహేనేళ్లుగా ఫ్లెక్సీలతోనే నా బతుకు. ఫ్లెక్సీ లోపల దారాల వల ఉంటుంది. గాలికి చిరిగితే ఆ దారాలు పీలికలై వేలాడతాయి. కట్టర్‌తో కోస్తే దారం కూడా అంచు దగ్గరే తెగిపోతుంది. అతను ఇంట్లో నిద్రపోతున్నప్పుడు నేనొక్కణ్ణే మిల్లు దగ్గర ఆపిన లారీ ఎక్కాను. ఫ్లెక్సీ ముక్క ఇంకా డోరుకే ఉంది.

అది చిరుగు కాదు, కోత. ఒక్క దారమూ వేలాడటం లేదు. చీరల బొమ్మ ఉన్న వైపు బయటికి పెట్టి కట్టాడు సైదులు. కోసింది ఆ వైపు నుంచే, అంచులు లోపలికి ఒదిగి ఉన్నాయి. మైకంలో తనే కోసుకున్నాడేమో అనుకున్నాను. అలా అయితే లోపలి నుంచి కోయాలి. ఇంకెవరైనా వచ్చి కోశారేమో అనుకున్నాను. లేచాక కిటికీలోంచి బయటికి చూశాననీ, మంచు మీద పిట్ట కాలి గుర్తు కూడా లేదనీ సైదులే చెప్పాడు. మంచుగడ్డ గీసుకుందేమో, పగిలిన అద్దం ముక్క ఏదైనా డోరుకు మిగిలి ఉందేమో అని వేలు పెట్టి డోరంతా తడిమాను. ఏమీ లేదు.

కొత్త అద్దం వేయిస్తానని చెప్పి ఆ ముక్కను విప్పి కోదాడ తెచ్చాను. మస్తాన్ ఇంటికి వెళ్లాక, అటక మీద పడేసిన మంచు ఫ్లెక్సీని దించి నేల మీద పరిచాను. దాని పక్కన దీన్ని పరిచాను. రెండు కోతలూ ఒకే పొడుగు. అది కూడా కాకతాళీయం అనుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కానీ మంచు ఫ్లెక్సీ మీద కోత నిటారుగా దిగి, కింద కొస దగ్గర ఉన్నట్టుండి పక్కకు గీసుకుపోయి ఆగిపోతుంది. నేను రేణుక చెయ్యి గుంజింది అక్కడే. చీరల షాపు ఫ్లెక్సీ మీద కోత కూడా నిటారుగా దిగి, కింద కొస దగ్గర అదే పక్కకు, అంతే దూరం గీసుకుపోయి ఆగింది.

రెండు ముక్కలనూ కలిపి చుట్టచుట్టి మళ్లీ అటక మీద పెట్టేశాను.

దీనికి నా దగ్గర ఏ వివరణా లేదు. రేణుకను అడిగితే, కోస్తుంటే అవతలి నుంచి మొహానికి చలిగాలి కొట్టిందని, ఇక చాలనిపించిందని, అంతకు మించి తెలియదని అంది. ఆ రెండు ముక్కల సంగతి ఆమెకు గానీ సైదులుకు గానీ నేను చెప్పలేదు. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. నన్ను పట్టి పీడించేది దెయ్యం కాదు. ఆ కాలేజీ అబ్బాయి తల దువ్వుకోవడం కాస్త ముందు పూర్తి చేసి ఉంటే, నేను ఆ గదిలోకి కాస్త ముందు వెళ్లేవాణ్ణి. ఆమె చెయ్యి కాస్త ముందు పట్టుకునేవాణ్ణి.